ఎడమ చుట్టు

"మళ్ళీ ఎడమవైపే చుట్టావు!" పెద్దమ్మ నా చేతిలోంచి దారపు బొత్తాం లాక్కుని కత్తెర పెట్టింది.

పొద్దుటినుంచీ ఇదే వరస. చిన్న రింగు మీద బండిచక్రం ఆకుల్లా దారాలు పరిచి, నడిమి నుంచి చుట్టూ అల్లుకుంటూ వస్తాను. ఆవిడ కత్తిరించేస్తుంది.

"నాది ఎడమచేతి వాటం పెద్దమ్మా, నేనేం చెయ్యను?"

"చొక్కా బొత్తాలన్నీ ఒకే వైపు తిరగాలి. కుడిచేత్తో పట్టు సూది."

"నా వల్ల కాదు!"

విసురుగా లేచాను. అప్పుడు కనిపించింది, ఆవిడ స్వెటర్ మెడ దగ్గర బొత్తాం. కిందివన్నీ కుడికి తిరిగితే అదొక్కటే ఎడమకి తిరిగింది.

"మరి దీన్ని కత్తిరించలేదేం?"

పెద్దమ్మ చెయ్యి గబుక్కున మెడ మీదికి వెళ్ళింది.

"అది మీ అమ్మ అల్లింది."

అమ్మ పోయేనాటికి నేను పసిపిల్లని. అమ్మది ఏ చేతి వాటమో నాకెవరూ చెప్పలేదు.

"నువ్వలా చుట్టినప్పుడల్లా మీ అమ్మే వచ్చి పక్కన కూర్చున్నట్టుంది. నేను మాత్రం ఏం చెయ్యను?"

కత్తెర సొరుగులో పడేసింది. నా పక్కనున్న తన కుర్చీని ఈడ్చుకెళ్ళి, నాకెదురుగా వేసుకుంది.

"అద్దంలో చూసినట్టు నన్ను చూసి చెయ్యి. దానికి ఇలాగే నేర్పాను."