సాయం కాదు, సమయం

"ఏమన్నావమ్మా?" అందావిడ, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

అమ్మాయి ప్రాణం ఉసూరుమంది. ఆ వాక్యం అప్పటికే రెండుసార్లు చెప్పింది. ఒక్కసారి చెప్పడమే ఆమెకు కొండెక్కినంత పని.

చిన్నప్పటి నుంచీ నత్తి. అన్ని అక్షరాల్లోకీ 'ట' మరీ గోడలా అడ్డం నిలబడేది. ఇరవై రెండేళ్ళొచ్చినా ఆమె మొదలుపెట్టిన మాటను ఎవరో ఒకరు పూర్తి చేసేవారు. ఇంట్లో అమ్మ, బస్సులో కండక్టరు, పనిచేసే కళ్ళజోళ్ళ షాపులో యజమాని.

"మంచినీళ్ళేగా? ఇదిగో తాగు," అని ప్రేమగానే అందించేవారు.

ఆమె అడగబోయింది చాలాసార్లు మంచినీళ్ళు కాదు. అయినా తాగేసేది.

ఆ ఆదివారం గ్రంథాలయం కింది హాల్లో కలుసుకునే కుర్రకారు బృందం దగ్గరికి అమ్మే పట్టుబట్టి పంపింది. పదిమందికి పైగా గుండ్రంగా కూర్చున్నారు. కొందరికి ఏ ఇబ్బందీ లేదు, కొందరికి ఉంది. మొదటి ఆటలో పేరు చెప్పి, తమతో ఎలా మసలుకోవాలో ఒక్క ముక్కలో చెప్పాలి.

"నా చక్రాల కుర్చీని అడక్కుండా తోయకండి. నేనేం కూరగాయల బండిని కాదు," అన్నాడొకతను.

అందరూ ఘొల్లున నవ్వారు.

"నా చెయ్యి పట్టుకు లాగకండి. మీ మోచెయ్యి ఇవ్వండి, నేనే పట్టుకుంటా," అంది చూపు లేని ఒకమ్మాయి.

రెండోది జంటల ఆట. నీకేం కావాలో జంటకు చెప్పాలి. జంట లేచి అదే మాట అందరికీ వినిపించాలి. తప్పు చెబితే నువ్వు చెయ్యెత్తి సరిదిద్దుకోవాలి.

జంటలు కుదిరాక మన అమ్మాయి ఒక్కతే మిగిలింది. అంతవరకూ కుర్చీలు సర్దుతున్న అరవై ఏళ్ళావిడ చేతులు దులుపుకుని వచ్చి పక్కన కూర్చుంది. రెండుసార్లు చెప్పినా 'ఏమన్నావమ్మా?' అంది ఆవిడే.

'నత్తికి చెవుడు జోడీ. భలే కుదిరింది!' అనుకుంది అమ్మాయి.

మూడోసారి చెప్పింది.

"నాకు స... స... సమయం కావాలి."

టైం అనే మాట జోలికి పోలేదు. అక్కడ గోడ ఉందిగా.

ఆవిడ తలూపి, లేచి నిలబడింది.

"ఈ అమ్మాయికి సాయం కావాలట!"

హాలంతా జాలిగా ఇటు తిరిగింది.

అమ్మాయికి ఒళ్ళు మండింది. వద్దన్నా ఇన్నేళ్ళూ మీదొచ్చి పడింది అదే కదా! చెయ్యెత్తింది. ఆ ఊపులో లేచి కూడా నిలబడింది.

"సాయం కాదు! స... స... స..."

ఎవరో మాట అందించబోయారు. ఆటలాడించే అక్క పెదవి మీద వేలు పెట్టి ఆపింది.

"...సమయం! నా మాట నేనే పూ... పూర్తి చేస్తాను. అందాకా ఆగండి, చాలు."

"ఓహో, సమయమా! పొరపాటు నాదే తల్లీ," అందావిడ.

అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మాయికి మాత్రం ఆవిడ మీద కోపం దిగలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే తంతు. ఎవరి జంట ఎటు మారినా ఆవిడ వచ్చి ఈ అమ్మాయి పక్కనే కూర్చునేది. "ఏమన్నావమ్మా?" అనేది. విసుగుపుట్టి అమ్మాయి ఆవిడకు 'ఏమన్నావు పిన్ని' అని పేరు పెట్టేసింది.

అయితే పిన్ని ఏనాడూ మాట అందించలేదు. లోకంలో ఇంకే పనీ లేనట్టు, మొహంలోకి చూస్తూ కూర్చునేది. చెప్పి చెప్పి అమ్మాయికి గొంతు పెరిగింది. నత్తి పోలేదు. నత్తి తాలూకు సిగ్గు అరిగిపోయింది.

నాలుగు నెలలయ్యాక ఒకరోజు షాపు యజమాని పిలిచాడు.

"రేపట్నుంచి కౌంటర్లో నువ్వొద్దులే. లోపల అద్దాలు తుడిచే పని చూసుకో. నీకూ హాయి."

"అయ్యా, నాకు..."

"సెలవా? తీసుకో తీసుకో."

"సెలవు కాదు. ట... ట..."

ఆయన నోరు తెరిచాడు. ఆమె చెయ్యెత్తింది. ఆయన నోరు మూసుకున్నాడు.

"...టైం. ఒక్క నిమిషం ఎక్కువ ఇవ్వండి. ఎవరికి ఏ జోడు న... నప్పుతుందో నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఈ షాపులో లేరు. నేను కౌంటర్లోనే ఉంటాను."

యజమాని కౌంటరు తాళంచెవి ఆమె ముందుకు జరిపాడు.

"ఉండు మరి," అన్నాడు.

ఆదివారం రాగానే అమ్మాయి పరుగు పరుగున హాలుకొచ్చింది. ఈ కబురు పిన్నికే ముందు చెప్పాలి. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పాలి!

కుర్చీలు అక్క వేస్తోంది. పక్కన ఎవరో కొత్తావిడ సాయం పడుతోంది.

"పిన్నిగారు బుధవారం పోయారమ్మా. నిద్రలోనే," అంది అక్క మెల్లగా. "ఈవిడ వాళ్ళమ్మాయి."

అమ్మాయికి ఆ ఆదివారాలన్నీ గుర్తొచ్చాయి. ఎన్ని వారాలు ఎంత విసుక్కుంది! ఒక్కసారైనా మంచి మాట అందా?

"మీ అమ్మగారి దగ్గరే నేను మా... మాట్లాడటం నేర్చుకున్నాను," అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఆ ముక్క చెబుదామనే వచ్చాను. పాపం, చెవులు వి... వినపడకపోయినా ఎంత ఓపిగ్గా వినేవారో!"

కూతురు తెల్లబోయి చూసింది.

"చెవులు వినపడకపోవడమేంటమ్మా? అమ్మవి పాముచెవులు! నలభై ఏళ్ళు పియానోలకు శ్రుతి సరిచేసిన మనిషి, పక్కింట్లో వీణ తీగ వెంట్రుకవాసి సడలినా తినే కంచం దగ్గర్నుంచి లేచి వెళ్ళిపోయేది."