బెత్తెడు ఎడమకు

"మనిషిని చంపాలి బాబాయ్," అన్నాడు యువకుడు, రివాల్వర్‌ను బల్ల మీద పెడుతూ. "దీని పిడి నా చేతికి కుదరడం లేదు."

పిడులు చెక్కే పనివాడు తలెత్తలేదు. ఉలి అంచున చేరిన పొట్టును ఊదాడు. చెవుల దాకా చుట్టిన తలగుడ్డను సర్దుకున్నాడు. ఆ తరువాత ఎడమ చెవిని అతని వైపు తిప్పాడు.

"ఇటు వచ్చి చెప్పు నాయనా. ఆ పక్క సరిగా వినపడదు. రోజంతా మోతల్లో బతుకు."

యువకుడు బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. "ఈ కొట్టులో మాట గడప దాటదని విన్నాను. మనిషిని చంపాలి."

"గడప దాటదు. కుడిచెయ్యి చూపించు."

దారంతో అరచేతిని కొలిచాడు. చూపుడువేలిని మొదలు నుంచి కొస దాకా కొలిచాడు. రివాల్వర్‌ను ఆ చేతిలో పెట్టి చూశాడు. పిడి లావుగా ఉంది. పట్టు చాలడం లేదు. వేలి కొస ట్రిగ్గర్‌ను అంటీ అంటనట్టు తాకుతోంది.

"ఇది నీది కాదు."

"మా అన్నది."

"మీ అన్న చెయ్యి చేటంత."

"ఆ చెయ్యి ఎత్తేలోపే పొడిచేశాడు వాడు. మూడేళ్ళయింది. తాగి మాటా మాటా అనుకున్నారట, అంతే! నేను వెళ్ళేసరికి అన్న మురుగుకాలవలో ఉన్నాడు. పదకొండు పోట్లు. జారిపోతున్న పేగుల్ని రెండు చేతులా అదుముకుని నాకేసి చూస్తున్నాడు. వాడింకా అక్కడే నిలబడి ఉన్నాడు. అన్న నడుములోంచి ఇది లాగి, వాడి నుదుటికి గురిపెట్టి పేల్చాను."

"మొహం చూశావా?"

"సందెవేళ, జోరువాన. దీపం వాడి వెనక ఉంది. ఒట్టి తల ఆకారమే కనపడింది. ఎక్కడో తగిలింది గాని చావలేదు. సందు చివరిదాకా నెత్తురు కార్చుకుంటూ పరిగెత్తాడు. గుండు జానెడు ఎడమకు పోయింది."

"జానెడు కాదు. బెత్తెడు."

యువకుడు చురుక్కున చూశాడు. "పక్కన నిలబడి చూసినట్టే చెబుతున్నావే!"

"పిడి చెబుతుంది. పిడి లావైతే వేలు ట్రిగ్గర్ మీదికి సగమే వస్తుంది. వెనక్కి లాగలేక పక్కకు నెడతావు. గొట్టం ఎడమకు జరుగుతుంది. ఒకరి చెప్పు ఇంకొకరు వేసుకుంటే కరవదూ? ఇదీ అంతే." పనివాడు మరలు విప్పడం మొదలుపెట్టాడు. "ఇంతకీ వాడెక్కడున్నాడో తెలిసిందా?"

"ఈ బజారులోనే, ఏదో కొట్టులో. సాయంత్రానికి పేరు చెబుతానన్నాడొకడు. ఆలోపు ఇది నా చేతికి కుదరాలి."

పనివాడు గోడ గడియారం చూశాడు. రెండయింది.

మూడు పిడులు బల్ల మీద పరిచాడు. యువకుడి చెయ్యి తెల్లటి నగిషీ పిడి మీదికి పోయింది.

"అది పెళ్ళికొడుకుల ఫొటోలకు. చెమట పట్టిందంటే చేపపిల్లలా జారుతుంది."

"మరి ఈ రబ్బరుది?"

"మళ్ళీ లావే. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు."

మూడోది నల్లచెక్క. సన్నది. పనివాడు దాన్ని బిగించి ఇచ్చాడు. "కళ్ళు మూసుకుని చెయ్యి ఎత్తు. గడియారానికి గురిపెట్టు. ఇప్పుడు తెరువు."

గొట్టం గడియారానికి కాస్త ఎడమగా ఉంది. పనివాడు పిడి విప్పాడు, చెక్కాడు, బిగించాడు. మళ్ళీ విప్పాడు, చెక్కాడు, బిగించాడు.

"చంపితే నీకేమొస్తుంది?"

"నిద్రొస్తుంది."

ఉలి ఆగింది. "వాడు మాత్రం నిద్రపోతున్నాడంటావా?"

"వాడి నిద్రతో నాకేం పని బాబాయ్!"

"నిజమే. నీకేం పని."

బొటనవేలు ఆనే చోట ఇంకొక నూలు మందం చెక్క మిగిలి ఉంది. దాన్ని అలాగే వదిలేస్తే చాలు. చేతికి హాయిగానే ఉంటుంది, గుండు మాత్రం మళ్ళీ ఎడమకే పోతుంది. ఆ సంగతి పనివాడికి తప్ప ఎవరికీ తెలియదు. ఉలి అక్కడ చాలాసేపు నిలిచింది. గడియారం మూడు కొట్టింది.

ఆ నూలు కూడా తీసేశాడు.

కొట్టు వెనక పెరట్లో ఇసుక బస్తాలు, వాటి ముందు నిలువెత్తు చెక్కపలక. పలక మీద మనిషి నుదురంత ఎత్తున సుద్దతో సున్నా చుట్టాడు. యువకుడు ఆరు గుళ్ళు నింపాడు. చెయ్యి ఎత్తాడు.

మొదటి దెబ్బకు సున్నా నడుమ చెక్క చిట్లింది. రెండోది దాని పక్కనే. మూడు, నాలుగు, అయిదు. అయిదు తూట్లూ ఒక్క రూపాయి బిళ్ళ కింద దాగేటంత దగ్గరగా పడ్డాయి. యువకుడి కళ్ళు పొగకో, మరి దేనికో, నిండిపోయాయి.

"ఇంక తప్పదు బాబాయ్. ఈసారి తప్పదు."

"ఎన్ని మిగిలాయి?"

"ఒకటి."

"చాలు."

పనివాడు నడిచివెళ్ళి ఆ పలకకు వీపు ఆనించి నిలబడి, మెల్లగా తలగుడ్డ విప్పి, మూడేళ్ళ కిందటి వానలో తెగిపోయిన కుడి చెవి తాలూకు మచ్చను యువకుడి వైపు తిప్పాడు.