పక్క కొండ మీది ఫాదర్

“ఏమయ్యా ఓరెస్తే, రేపే దాడి. ఈ పూటైనా వచ్చి నీ పాపాలు చెప్పుకుంటావా?” అన్నాడు పటాలం గురువు ఫాదర్ చెల్సో.

ఓరెస్తే కంచరగాడిద కాలెత్తి లాడం చూస్తున్నాడు.

“ముందు దీని పాపాలు వినండి ఫాదర్. నిన్న మేజర్‌గారి రొట్టె మింగేసింది.”

చుట్టూ ఉన్న సైనికులు గొల్లున నవ్వారు. “వీడికి దేవుడంటే గిట్టదు ఫాదర్! పూజలో మీ ప్రార్థనకు మేమంతా జవాబు చెబుతుంటే నోరు కుట్టేసుకుని నిలబడతాడు,” అన్నాడు వంటవాడు.

ఫాదర్ చెల్సో నవ్వలేదు. పొద్దున్నుంచి ఎనభై మంది పాపాలు విని దేవుడి పేర క్షమించాడు. ఆయన పాపం వినేవాడే లేడు. పోయిన వారం ముళ్లకంచె దగ్గర పడిపోయిన సైనికుడొకడు పొద్దుగూకేదాకా “ఫాదర్” అని పిలిచాడు. ఈయన భయపడి కందకం దాటలేదు. వినబడలేదని అందరితో చెప్పాడు. ఏ గురువూ తన పాపాన్ని తానే క్షమించుకోలేడు. మరో గురువు కావాలి. ఉన్నది పక్క కొండ మీద ఫాదర్ విత్తోరె ఒక్కడే.

చీటీ రాసి ఓరెస్తే చేతికిచ్చాడు. “దాడిలోపు ఆయన్ని ఎలాగైనా తీసుకురా. నా పాపాలు చెప్పుకోవాలి.”

“మీకేం పాపాలు ఫాదర్!”

“గురువుకు ఉండవా?”

ఓరెస్తే చీటీ జేబులో పెట్టుకున్నాడు. గాడిదను బూతులు తిడుతూ దారి పట్టాడు.

చీకటి పడే వేళకు ఒంటరిగా తిరిగొచ్చాడు. “ఆయన లేరు ఫాదర్. నిన్న మంచుచరియ విరిగి మీద పడిందట.”

మర్నాడు తెల్లవారుతూనే దాడి మొదలైంది. కంచె దగ్గర ఎవడో “ఫాదర్!” అని అరిచాడు. ఈసారి చెల్సో ఆగలేదు. పది అడుగులు వేసేసరికి ఆయన కడుపులో ఇనుప ముక్క దిగింది.

ఓరెస్తే పాక్కుంటూ వెళ్లి ఆయన్ని బండచాటుకు ఈడ్చుకొచ్చాడు.

“డాక్టరు వస్తున్నాడు, కాస్త ఓర్చుకోండి.”

“డాక్టరెందుకయ్యా... పాపం మోసుకుని పోతున్నాను. వినే గురువు లేడు.”

ఓరెస్తే టోపీ తీశాడు. చేతికంటిన రక్తం చొక్కాకు తుడుచుకున్నాడు.

“గురువు పని మానేసి అంగీ వదిలేసినవాడు పాపాలు వినకూడదు. కానీ చావు ఘడియలో వినొచ్చు. అవునా?”

“అవును... ఎవరయ్యా ఆ వదిలేసినవాడు?”

“నేనే, ఫాదర్.”