బియ్యం డబ్బాలో జవాబు

భూమి పిలిస్తే తప్ప పలకని రేడియో పెట్టె అది. దూర గ్రహాలకు వెళ్లే నౌక కోసం సంధ్యారాణి గీసిన డిజైన్. బ్యాటరీతో నడిచే దాని నమూనాను నారాయణఖేడ్‌లోని ఇంటికి తెచ్చుకుంది. ఆ రాత్రి, పరీక్ష కోసం భూమి బదులు దాన్ని పిలిచే యంత్రాన్ని ఆపేశాక కూడా పెట్టె బీప్‌మంది.

తోడు పడుకోవడానికి వచ్చిన స్నేహితురాలు ఉమేరా లేచి కూర్చుంది. "ఏందే, పిలిస్తేనే పలుకుతదంటివి గదా?"

"బస్సు డిపో కాడి టవర్ సిగ్నల్ తగిలుంటది. పరేషాన్ గాకు, ఇప్పుడే చూపిస్త."

సంధ్యారాణి స్టీలు డబ్బాలోని బియ్యం ఒంపేసి, అందులో పెట్టెను ఉంచి మూత గట్టిగా బిగించింది. "ఇగ బయటి సిగ్నల్ ఏదీ లోపలికి పోదు."

చాలాసేపు విన్నారు. చివరి బస్సు వెళ్లిపోయింది. డబ్బా పలకలేదు.

"చూసినవా? ఎవరూ పిలవకుంటే నా పెట్టె నోరు తెరవదు. ఎన్నిసార్లు పరీక్ష పెట్టిననో!" సంధ్యారాణి నవ్వి లైటు ఆర్పింది.

చీకట్లో డబ్బా లోపల పెట్టె బీప్‌మంది. కాసేపాగి మళ్లీ. ఎవరో అడుగుతుంటే ఓపికగా జవాబిస్తున్నట్టు.

"మూత తీసి చూడే," అంది ఉమేరా, గొంతు తగ్గించి.

తన డిజైన్ తప్పు చేయదని, బయటి పిలుపు డబ్బాలోకి పోదని సంధ్యారాణికి ఇప్పటికీ నమ్మకమే. అందుకే మూత తీయలేదు.