స్కాట్లండ్ నల్ల బీరు

ఒమాన్‌ల నిజ్వా హోటల్ బార్‌ల పనిచేసే మా బామ్మర్ది ప్రభాకర్, శుక్రవారం నా రూముకొచ్చి గ్లాసుల నల్ల బీరు వంపిండు.

"స్కాట్లండ్‌ది. ఓట్స్‌తోని చేస్తరట. ఎట్లున్నదో చెప్పు, బావా."

పెద్ద తెలిసినోని లెక్క వాసన చూసి, గుటకేసి నవ్విన. "నురుగు మీగడ లెక్కున్నది. రుచేమో మీ అక్క మాడగొట్టిన జొన్న గటకే!"

వాడు నవ్వలే. "ఇంకా?"

"చేదున్నది."

ఆ మాటకు వాడు తల వంచుకున్నడు. గ్లాసు కింద పెట్టిన. మా దిక్కు చావైన ఇంటోళ్లకు చుట్టాలు కల్లు తాపిస్తరు. దాన్ని చేదు అనే అంటరు.

"పొద్దుగాల ఇంటికాడికెళ్లి ఫోనొచ్చింది. అక్క..." మిగిలిన బీరు నా గ్లాసుల వంపిండు. "ఈడ కల్లు దొరకలే, బావా."