గాలం గొట్టాలు

మెస్ ఫ్రీజర్లోంచి తీసిన పైపు ముక్కను తోటి పనివాడు జహంగీర్ సుత్తితో అలా తట్టాడో లేదో, అది టప్పున రెండు ముక్కలైంది.

పొద్దుటి నుంచి పోశన్న కోసి, రుద్ది, నున్నగా చేసిన నాలుగు గొట్టాలూ ఆ తెల్ల పైపువే. గోడ గడియారం అప్పుడే పన్నెండు దాటింది.

"సార్ వాళ్ళ ఊర్ల చలి ఈ ఫ్రీజర్ కంటే డబల్ ఉంటదంట భాయ్. అక్కడికి పోంగనే నీ గొట్టాలు అప్పడాలైతయి," అన్నాడు జహంగీర్.

"నువ్వు ఫ్రీజర్ల పెట్టకపోతే మంచిగనే ఉండె గద!"

"మంచిది, అట్లనే ఇయ్యి. అక్కడ విరిగినంక సార్ నీకు దావత్ ఇస్తడు."

మార్టిన్ సార్ కంపెనీలో పెద్ద ఇంజనీరు. ఈ సాయంత్రమే కెనడా పోతున్నాడు. అక్కడ చలికాలంలో చెరువు రాయిలా గడ్డకడుతుందట. దాని మీద చక్రాల్లేని బండిని తాడుతో లాక్కుంటూ పోయి, మంచుకు చిల్లు పెట్టి చేపలు పడతారట. ఆ బండి మీద గాలం కర్రలు నిలబెట్టడానికి గొట్టాలు కావాలి. బండి కెనడాలోనే ఉంది, కొలతలు మాత్రం ఖతర్‌ దేశం అల్ వుకైర్‌లోని ఈ వర్క్‌షాపుకొచ్చాయి. పోశన్న ఊరివాళ్ళకైతే గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. చిల్లు పక్కనే కూర్చుంటారు కాబట్టి గాలం కర్ర రెండడుగులే అంటే పోశన్న ముందు నమ్మలేదు. సార్ కొలత తప్పు రాశాడనుకున్నాడు.

ఫోర్‌మన్ కామేశ్వరరావు తలుపులోంచి తొంగిచూశాడు.

"ఇంకా అవలేదా? సార్ నాలుగింటికి ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోతారయ్యా. మళ్ళీ వచ్చేది జనవరిలోనే. ఆయన బుర్రంతా ఈ గొట్టాల మీదే ఉంది. ఇవి చేతిలో పెట్టకుండా నీ లీవు కాగితం చూపిస్తే ఏం చూస్తారు?"

సార్ సంతకం పడాల్సిన ఆ కాగితం పోశన్న జేబులో మడత మీద మడతగా ఉంది. ఆదివారం ఊళ్ళో పంచాయతీ ఓట్లు. అతని భార్య గంగామణి వార్డు మెంబరుగా నిలబడింది. కిందటిసారి ఆ వార్డులో ఒక్క ఓటుతో గెలుపు తేలింది. అది గుర్తుకొచ్చినప్పటి నుంచి పోశన్నకు కాలు నిలవడం లేదు. రేపటి విమానానికి టికెట్ కూడా కొనేశాడు. ఆశపెట్టి పోలేకపోతే బాగుండదని, సంతకం పడేదాకా ఇంట్లో మాత్రం చెప్పదలుచుకోలేదు.

వర్క్‌షాపులో అటూ ఇటూ తిరిగాడు. మూలన తోటలకు నీళ్ళు పెట్టే నల్ల పైపు చుట్ట కనిపించింది. ఒక ముక్క కోసుకుని మెస్‌కు పరుగెత్తాడు.

"మళ్ళీ పైపేనా? కోళ్ళ మధ్య పైపులేందయ్యా! ఎవడన్నా ప్లేట్లో చూసుకుంటే నన్ను తంతారు," అని వంటాయన వెంకటప్ప లబలబలాడాడు.

"గంట సేపే అన్నా. నీకు దండం పెడ్త."

ఆ గంటలో పోశన్న తిండి తినలేదు, కూర్చోలేదు. నాలుగుసార్లు ఫ్రీజర్ మూత తెరిచి చూసి వెంకటప్ప చేత తిట్లు తిన్నాడు. చివరికి ముక్కను బయటికి తీసి సుత్తితో ఒక్కటిచ్చాడు. విరగలేదు. మళ్ళీ కొట్టాడు. సుత్తే ఎగిరింది.

"యల్లా భాయ్, ఇగ కానీ!" అని జహంగీర్ రంపం అందుకున్నాడు.

నల్ల పైపుకు గమ్ము అతకదు. అందుకే నాలుగు ముక్కలనూ బండి మీద పెట్టే ఒక చెక్కకు బోల్టులతో బిగించారు. బండి లాగేటప్పుడు కర్రలు దేనికీ ఎదురు తగలకుండా గొట్టాలను కాస్త వెనక్కి వాల్చారు. దారం చుట్టే చక్రాన్ని గాలం కర్రకు కలిపే కాడ అందులో కూర్చునేలా మూతి దగ్గర చీలిక పెట్టారు. నీళ్ళు నిలిచి గడ్డకడితే గాలం ఊడిరాదని పోశన్నకే తట్టి, ఒక్కో గొట్టానికీ అడుగున చిల్లు వేశాడు. చేతిలో గాలం లేదు కాబట్టి సుత్తి కర్ర దూర్చి చూశాడు. కుదిరింది.

మూడున్నరకే సార్ వచ్చేశాడు. చెక్కను తలకిందులు చేశాడు, ఊపాడు, చిల్లులో వేలు పెట్టాడు. కామేశ్వరరావు వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అడిగాడు.

"ఈ చిల్లు ఎవరి ఆలోచన అని అడుగుతున్నారు," అన్నాడు కామేశ్వరరావు.

"నాదే సార్," అన్నాడు పోశన్న భయంగా.

సార్ ముఖం విప్పారింది. పోశన్న చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపేశాడు. ముప్పై ఏళ్ళుగా మంచు మీద చేపలు పడుతున్నా తనకు ఆ చిల్లు తట్టలేదని కామేశ్వరరావుతో చెప్పించాడు. పోశన్న చాపిన కాగితం ఎందుకని కూడా అడగకుండా సర్రున సంతకం గీసి, చెక్కను చంకలో పెట్టుకుని కారెక్కాడు.

పోశన్నకు ఆనందం పట్టలేదు. కారు గేటు దాటకముందే ఇంటికి ఫోన్ కలిపాడు.

"గంగా! లీవు దొరికింది. రేపు ఫ్లైట్ ఎక్కుతున్న. ఆదివారం ఫస్ట్ ఓటు నాదే, నీకే!"

"నీకు దండం పెడ్త, రాకు!" అంది గంగామణి. "పెనిమిటి దుబాయ్ల ఉన్నడు, నాకు మీరే దిక్కని ఇల్లిల్లు తిరిగి ఏడ్సుకుంట ఓట్లడిగిన. నువ్వొస్తే నీ ఒక్క ఓటొస్తది, వాడకట్టు ఓట్లన్ని పోతయి!"