పిడికెడు రాగులు

“తాళంచెవి ఇట్లా ఇవ్వండి దొరసానీ. ఈ రోజుతో గంజి కేంద్రం మూత,” అన్నాడు వరప్రసాద్.

అతను పొద్దుటి బస్సుకు మదనపల్లె నుంచి దిగాడు. సముద్రం అవతలి నుంచి వచ్చే సహాయ నిధికి లెక్కలు చూసేది అతనే. దిగినవాడు నేరుగా పుంగనూరు సంతవీధికి పోయి, రెడ్డెప్ప అంగట్లోంచి ఒక ఖాళీ గోనెసంచి చంకలో పెట్టుకొచ్చాడు. దాని మీద మిషను ఎర్రముద్ర ఉంది.

మార్తమ్మ ఆ సంచిని చూసింది. తర్వాత పొయ్యి దగ్గర నిలబడిన, గంజి వండే అన్నమ్మను చూసింది.

మార్తమ్మ మిషను ఆసుపత్రిలో నర్సు. వానలు మొహం చాటేసినప్పటి నుంచి ఈ గంజి కేంద్రం కూడా ఆమెదే. ఊరంతా ఆమెను అమెరికా దొరసాని అంటారు. తనది అమెరికా కాదు, యుద్ధం తొక్కేసిన మరో దేశమని చెప్పి చెప్పి ఆమే మానుకుంది. ఆమె ఇంటికి రాసే ఉత్తరాలను కుప్పం పాదిరి కృపాదానం తీసుకుపోయి రైలు టపాలో వేస్తుంటాడు. యుద్ధం ముగిసి ఏడాది కావస్తున్నా జవాబులు మాత్రం ఎప్పుడో గాని రావు.

“నువ్వు అమ్మితివా అన్నమ్మా?” ఆమె తెలుగు ఇప్పటికీ బైబిలు తెలుగే.

“అమ్మినానమ్మా.”

“ఒక్క పర్యాయమా?”

“లేదమ్మా. శనివారం శనివారం.”

“విన్నారా?” వరప్రసాద్ సంచిని నేలకేసి కొట్టాడు. దుమ్ము లేచింది. “ఆ రెడ్డెప్ప పైగా గొప్పలు చెబుతున్నాడు, అన్నమ్మ తెచ్చే రాగులకు తరుగు కూడా తీయలేదు సామీ అని. రెడ్డెప్ప తరుగు తీయలేదంటేనే ఇందులో ఏదో ఉందన్నమాట. కంట్రోలు రోజుల్లో సహాయం రాగులు అంగడికి అమ్ముతారా? అమెరికాలో పనిమనుషులు, విధవరాండ్రు కాఫీలో చక్కెర మానుకొని పంపే డబ్బు ఇది. అక్కడ తెలిస్తే ఇంక దమ్మిడీ రాదు.”

“చక్కెర మానుకొనా?” అంది అన్నమ్మ. “పాపం, ఆయమ్మోళ్లూ మాలాంటోళ్లే.”

“పరాచికమా?”

“లేదప్పా. నిజంగానే అంటాండా.”

బయట పిల్లలు సత్తుగిన్నెలు వాయిస్తున్నారు. గంజి ఉడికి చాలాసేపయింది.

మార్తమ్మ అన్నమ్మ చెవులు చూసింది. కమ్మలు లేవు. రంధ్రాలు పూడిపోకుండా వేపపుల్లలు గుచ్చుకుంది. ఎక్కడైనా అప్పు చేసిందేమో. అడిగితే తాను ఇవ్వదా? ఉగాది ముందు మలేరియా పట్టి, సగం తెలుగులో సగం తన భాషలో తాను ఇంటి సంగతులు పలవరిస్తూ పడి ఉన్నప్పుడు మంచం పక్క నుంచి కదలని మనిషి. జ్వరం తగ్గాక, తాను వంటింట్లో అడుగు పెడితే చాలు, ఎర్రగడ్డల గంపను చప్పుడు లేకుండా పక్కకు జరిపే మనిషి. ఆ ఉల్లిగడ్డలు చూస్తే దొరసాని మొహం వాడిపోతుందని కనిపెట్టింది ఆమె ఒక్కతే.

“నీకు ఏమి కష్టము వచ్చినది? నాతో ఏల చెప్పలేదు?”

“మీకు మటుకు చెప్పగూడదు అనుకున్యామమ్మా.”

“అనుకున్నారా? ఎవరెవరు?” వరప్రసాద్ ముందుకొచ్చాడు.

“అందరం. మునిలక్ష్మి, రమణమ్మ, గంగవరం తట్టు నుంచి నడిచొచ్చే ఆడోళ్లు. మీరు శనివారం మా ఇండ్లకని కొలిచిచ్చే రాగుల్లో, తిరగలి కాడ కూసునే ముందు తలా పిడికెడు తీసి పక్కన పెడతాం. పిల్లోళ్ల గంజి ముట్టలేదప్పా. మా సంగటిలో తగ్గించుకున్యాం.”

“కానుక అయితే గుళ్లో వేయాలి. అంగట్లో కాదు.”

“గుడికి గాదు. ఒక ముసలామెకు.”

“ముసలామెకా! నీకు బంధువా?”

అన్నమ్మ గంజికుండ మీద మూత సర్దింది. “బంధువనే అనుకోప్పా.”

“చూశారా దొరసానీ! ఊరంతా పస్తులుంటే ఈమె బంధువుల్ని మేపుతోంది. గంజి కావాలంటే ఆ ముసలామెను ఇక్కడికే రమ్మనొచ్చుగా?”

“రాలేదప్పా. శానా దూరం.”

“డబ్బు ఎవరి చేత పంపావు?”

“డబ్బు పంపలా. కుప్పం అయ్యగారి చేతికిచ్చినాం. ఆయప్ప బెంగళూరు పోయి పాలడబ్బాలు, బిస్కెట్లు కొని పార్సిలు కట్టించినాడు. దాన్ని పంపే కూలికే నా కమ్మలు పాయె.”

“పాదిరి కూడా కలిశాడా!” వరప్రసాద్ చెయ్యి చాపాడు. “తాళంచెవి ఇవ్వండి దొరసానీ. ఇంక నేను చేయగలిగింది లేదు.”

మార్తమ్మ ఇవ్వలేదు. తాళంచెవిని గుప్పిట్లో పట్టుకొని అన్నమ్మ దగ్గరికి నడిచింది.

“ఆమె అంత ఇక్కట్టులో ఉన్నదా అన్నమ్మా?”

“యుద్ధంలో తినేదానికి ఏమీ లేక, పూలచెట్ల గడ్డలు తవ్వుకొని ఉడకేసుకొని తినిందంటమ్మా. ఎర్రగడ్డల మాదిరే ఉంటాయంట అవి.”

తాళంచెవి నేల మీద పడింది.

“ఎవరా ముసలామె?” వరప్రసాద్ జేబులోంచి పెన్సిలు తీశాడు. “పేరు చెప్పు.”

“పేరు నాకు నోరు తిరగదప్పా.”

అన్నమ్మ వంగి తాళంచెవి తీసింది. కొంగుతో తుడిచి దొరసాని చేతిలో పెట్టింది.

“మీ అమ్మే తల్లీ.”